సవరణ: పసిబిడ్డతో బీచ్‌కి వెళ్లేటప్పుడు సర్దుకునే సామాను

రుషికొండ, సూర్యలంక బీచ్‌లకు చంటిబిడ్డలతో వెళ్లేవాళ్ల కోసం ఇచ్చిన జాబితాలో ‘సన్‌స్క్రీన్, పాపకు నీళ్ల సీసా’ అని రాశాం. వయసు చెప్పకుండా అలా రాయడం మా తప్పు. దయచేసి దిద్దుకోండి.

ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండగా ఉన్నా విడిగా నీళ్లు పట్టకూడదు. నీళ్లతో పొట్ట నిండితే పాలు తాగరు. నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. మామూలుకన్నా ఎక్కువసార్లు తల్లిపాలు ఇస్తే చాలు. ఆ నీళ్ల సీసా తల్లికి. డబ్బాపాలైతే ఇంట్లోనే కలిపి తీసుకెళ్లకండి. కాచిన వేడినీళ్లు ఫ్లాస్కులో, కొలిచిన పొడి వేరే డబ్బాలో పెట్టుకుని, అవసరమైనప్పుడే కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టండి. తాగడం మొదలుపెట్టాక గంట దాటితే మిగిలినవి పారబోయాల్సిందే.

సన్‌స్క్రీన్ కూడా ఆరు నెలలు దాటాకే. అంతవరకు నీడ, పొడుగు చేతుల పల్చటి నూలు చొక్కా, చుట్టూ అంచున్న టోపీ. నీడ విషయంలో ఒక మెలిక ఉంది: మన తూర్పు తీరంలో పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచి ఏటవాలుగా వస్తుంది. గొడుగు నిటారుగా పాతితే నీడ వెనక్కి పడి, బిడ్డ ఎండలోనే ఉంటుంది. సముద్రం వైపు వంచి పాతండి.

స్ట్రోలర్ మీద చున్నీ కప్పమన్న మాట పూర్తిగా తీసేశాం. గాలాడక లోపల వేడెక్కిపోతుంది. ఇసుక వదలడానికి పౌడర్ కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగుడ్డతో తుడవండి.