మడత చాకు బ్లేడ్ ఊగితే స్క్రూ బిగించడమే మందా?

"మడత చాకు బ్లేడ్ ఊగుతోందా? పివట్ స్క్రూ ఇక తిరగదనే దాకా బిగించండి. బిగుసుకుపోతే నాలుగు చుక్కల నూనె పోయండి. మూసినప్పుడు మధ్యలోకి రాకపోతే చేత్తో కాస్త వంచండి. అప్పటికీ ఊగితే అది నాసిరకం, పారేయండి."

చాలా కాలంగా చేతులు మారుతున్న చిట్కా ఇది. నాకే ముగ్గురు పంపారు. చిన్నది, గుర్తుండిపోతుంది, పైగా మొదటి వాక్యంలో సగం నిజం కూడా ఉంది. ఆ సగం నిజాన్ని నమ్మే నేనొక మంచి చాకును పాడుచేసుకున్నాను.

"స్క్రూ బిగించండి" అనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బ్లేడ్ ఎటు ఊగుతోంది? చాకు తెరిచి, లాక్ సరిగ్గా పడిందని చూసుకుని, బ్లేడ్‌ను మొండి వైపు నుంచి రెండు వేళ్లతో పట్టుకోండి. ముందు కుడి ఎడమలకు కదిపి చూడండి, తర్వాత పైకీ కిందికీ. ఈ రెండు కదలికలూ వేరువేరు చోట్ల పుడతాయి.

కుడి ఎడమల కదలిక ఇరుసు దగ్గరిది. పివట్ అంటే బ్లేడ్ తిరిగే ఇరుసే. దానికి అటూ ఇటూ రెండు పలచని వాషర్లు ఉంటాయి, కంచువో నైలాన్ లాంటివో. స్క్రూ వదులైనా, వాషర్లు అరిగినా సందు ఏర్పడి బ్లేడ్ పక్కలకు ఆడుతుంది. ఇక్కడ స్క్రూ బిగిస్తే నిజంగానే పని జరుగుతుంది. అయితే "తిరగదనే దాకా" కాదు. చుట్టులో ఎనిమిదో వంతు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. తిప్పిన ప్రతిసారీ ఒకసారి తెరిచి మూసి చూడాలి. అంతకన్నా ముందు పిడి స్క్రూలు చూడాలి. అవి వదులైతే పిడి మొత్తం మెలి తిరుగుతుంది, మనకేమో బ్లేడే ఊగుతున్నట్టు అనిపిస్తుంది.

పైకీ కిందికీ కదిలితే మాత్రం ఆ స్క్రూకీ దానికీ సంబంధం లేదు. తెరిచిన బ్లేడ్‌ను మూడు చోట్లు పట్టి ఉంచుతాయి: ఇరుసు, బ్లేడ్ మరీ వెనక్కి పోకుండా ఆపే స్టాప్ పిన్, ముందుకు మడత పడకుండా ఆపే లాక్. పిడి లోపల అటూ ఇటూ ఉండే లోహపు రేకులే లైనర్లు; వాటిలో ఒకదాని పట్టీయే లాక్‌గా పనిచేస్తే అది లైనర్ లాక్. అలాంటి చాకులో బ్లేడ్ మొదలును ఏటవాలుగా చెక్కుతారు. లాక్ పట్టీ కొస ఆ వాలు మీద ఆనుతుంది. ఆనే చోటు కాలక్రమంలో అరిగినా పట్టీ ఇంకొంచెం లోపలికి జరిగి ఆ లోటును తనే పూడుస్తుంది. ఏటవాలు పెట్టింది అందుకే. పట్టీ జరిగి జరిగి అవతలి లైనర్‌ను తాకిందంటే ఇక జరగడానికి చోటు లేదు, అప్పుడు బ్లేడ్ కిందికీ పైకీ ఆడుతుంది. దానికి కాస్త లావు స్టాప్ పిన్ వేస్తారు, లేదా లాక్‌నే సరిచేస్తారు. అది తయారీదారుకో, చాకుల పని తెలిసిన మనిషికో అప్పగించాల్సిన పని.

ఇందులో అసలు ప్రమాదం ఒకటుంది. స్క్రూ గట్టిగా బిగిస్తే రాపిడి పెరిగి, పైకీ కిందికీ ఉన్న కదలిక చేతికి తెలియకుండా పోతుంది. లాక్ మాత్రం ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పనిలో ఉండగా అది జారితే బ్లేడ్ మడత పడేది మన వేళ్ల మీదికే.

నా చాకు పైకీ కిందికీ మెత్తగా ఊగేది. చిట్కా ప్రకారం బిగించాను. దాని స్క్రూ తలలో నక్షత్రం గాడి ఉంటుంది, టార్క్స్ టీ6 అనే చిన్న సైజు. సరిపడే బిట్ చేతిలో లేక దగ్గరున్న స్క్రూడ్రైవర్‌తో కానిచ్చేశాను. గాడి గుండ్రంగా అరిగిపోయింది. చాకు తెరవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది, ఊగడం మాత్రం పోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అచ్చం అదే. చివరికి ఒక మెకానిక్ ఆ స్క్రూను డ్రిల్లుతో తొలిచి తీశాడు. విప్పి చూస్తే లాక్ ఆనే చోట జేబు నూలు నలిగి అట్టకట్టి ఉంది. తుడిస్తే కదలిక పోయింది. పళ్లు కుట్టుకునే పుల్లతో రెండు నిమిషాల్లో అయ్యే పని.

అతిగా బిగిస్తే వేరే నష్టాలూ ఉన్నాయి. వాషర్ల బదులు బాల్ బేరింగులు ఉన్న చాకుల్లో, ఆ గోళీలు తిరిగే చోట గట్టి ఉక్కు పళ్లెం లేకపోతే, ఒత్తిడికి గుంటలు పడతాయి. ఆ తర్వాత బ్లేడ్ ఇసుకలో తిరిగినట్టు గరగరమంటుంది. స్క్రూ పదేపదే వదులైపోతుంటే ఇంకా బిగించడం దారి కాదు. మరలకున్న జిడ్డు తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చిన్న చుక్క పెట్టి, సరైన చోట ఆపి, ఒక రోజు ఆరనివ్వాలి. ఎరుపు రంగుది వద్దు, అది వేడి చేస్తే తప్ప వదలదు.

పూర్తిగా బిగించడానికే చేసిన చాకులూ ఉన్నాయి. క్రిస్ రీవ్ సెబెంజా అనే చాకులో ఇరుసుకు బుషింగ్, అంటే చిన్న లోహపు గొట్టం, ఉంటుంది, బ్లేడ్‌కు ఎంత సందు కావాలో ఆ బుషింగ్ పొడవే నిర్ణయిస్తుంది. చిట్కా రాసినాయన బహుశా అలాంటిదే వాడుతున్నాడేమో. ఇక ఒపినెల్ (చెక్క పిడి ఉండే ఫ్రెంచ్ చాకు), స్విస్ చాకుల్లాంటి వాటిలో స్క్రూయే ఉండదు, రివెట్ ఉంటుంది. ఏం బిగిస్తారు?

"నాలుగు చుక్కల నూనె" అన్న మాటకు అంత చర్చ అక్కర్లేదు. ముందు బిగువు ఎందుకో చూడాలి. దుమ్ము, నూలు, ఎండి బంకలా మారిన పాత నూనె లాంటివైతే, కడిగి బాగా ఆరబెట్టాక ఒక్క చుక్క చాలు. నాలుగు పోస్తే మళ్లీ జేబు చెత్తంతా అక్కడే చేరుతుంది. వంటనూనె కొన్నాళ్లకు జిగురవుతుంది, కుట్టుమిషను నూనె అలా కాదు. డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది, 1953లో తయారైన ఆ ద్రవం నీటిని తరిమేయడానికి చేసింది. శుభ్రం చేయడానికి బాగుంటుంది, ఇరుసులో ఎక్కువ రోజులు నిలిచే నూనె మాత్రం కాదు. ఒపినెల్ బిగుసుకుంటే ఇంకో సంగతి: చెక్క పిడి తేమకు ఉబ్బి బ్లేడ్‌ను నొక్కుతుంది. దాన్ని ఆరనివ్వాలి.

"చేత్తో వంచండి" చదివి భయమేసింది. చాకు బ్లేడ్ గట్టిపరిచిన ఉక్కు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో సాధారణంగా 55 నుంచి 62 దాకా ఉంటుంది. వంచితే వెనక్కి వచ్చేస్తుంది, లేదంటే పుటుక్కున విరుగుతుంది. మధ్యలోకి రాకపోవడానికి కారణం చాలాసార్లు బ్లేడ్ కాదు. పిడి స్క్రూలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిసి ఉండొచ్చు, వాషర్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. లైనర్ లాక్ ఉన్న వాటిలో, మూసి ఉన్నప్పుడు లాక్ పట్టీయే బ్లేడ్‌ను ఒక పక్కకు నెడుతుంటుంది కూడా. స్క్రూలన్నీ కాస్త వదులు చేసి, బ్లేడ్ మూసి, అది వాలే వైపు మడిచిన కాగితం దూర్చి, ఒక్కో స్క్రూనూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగిస్తూ రండి. చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, బ్లేడ్ పక్కన గీత పడనంత కాలం అది కంటికి లోపమే, పనికి కాదు. నా దగ్గరున్న వాటిలో రెండు అలాగే ఉన్నాయి, వదిలేశాను.

"ఊగితే నాసిరకం." వెన్నుపట్టీ లాక్ (పిడి వీపు వైపు ఉండే కడ్డీ బ్లేడ్‌ను పట్టి ఉంచేది) ఉన్న చాకుల్లో పైకీ కిందికీ వెంట్రుకవాసి కదలిక మామూలే, ఖరీదైన వాటిలో కూడా. నాకు పారేయాలనిపించే చాకు వేరే ఉంటుంది. లాక్ వేసి, వేళ్లు మడత దారిలో లేకుండా చూసుకుని, మొండి వైపు చేత్తో మెల్లగా నొక్కితేనే లాక్ జారేది, ఇరుసు రంధ్రం గుడ్డు ఆకారంలోకి సాగిపోయినది, బ్లేడ్ మొదట్లో పగులు కనిపించేది. వాటినైనా ముందు తయారీదారు దగ్గరికి పంపి చూడండి, చాలామంది సర్వీసు చేస్తారు. విప్పితే వారంటీ పోతుందని కొందరు షరతు పెడతారు కాబట్టి, స్క్రూడ్రైవర్ తీసే ముందే ఆ కాగితం చదవండి.