మహారాజశ్రీ బార్ గ్రాఫ్ గారి దివ్యసముఖమునకు

కంప్యూటర్ చిప్పుల వేగాన్ని పోల్చి చూపించే మహారాజశ్రీ బెంచ్‌మార్క్ బార్ గ్రాఫ్ గారికి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద నిలబడి ఫోన్లో తమ దర్శనం చేసుకుంటున్న ఒక మధ్యతరగతి ఆసామి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. తమ ఎర్ర గీత, నీలం గీత రెండూ క్షేమమని తలుస్తాను. మా ఇంట్లో మాత్రం క్షేమం లేదు. ఆ రెండు గీతల మూలంగా మా మేనల్లుడూ వాడి ప్రాణస్నేహితుడూ మాటలు మానేశారు. ఒకడిది నీలం గీత, అంటే ఇంటెల్ కోర్ ఐ9 14900కే ప్రాసెసర్ పార్టీ. రెండోవాడిది ఎర్ర గీత, అంటే ఏఎమ్‌డీ రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ పార్టీ. ఇద్దరి దగ్గరా ఆ రెండిట్లో ఏదీ లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగితే తమ ఫొటో చూపిస్తున్నారు.

జాతకాలు కలిపి చూస్తే అసలిది పోటీయే కాదు. నీలం ఆయనకు 24 కోర్లు (పనిచేసే చేతులనుకోండి), అందులో 8 పెద్దవి, 16 చిన్నవి. వేగం 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఎర్ర ఆయనకున్నవి 8 కోర్లే, వేగం 5 దగ్గరే ఆగిపోతుంది. అయినా గేముల్లో చాలాసార్లు పైచేయి ఎర్ర ఆయనదే. కారణం 96 మెగాబైట్ల ఎల్3 క్యాషే, అంటే చిప్పులోనే ఉండే వేగమైన మెమరీ. అందులో 64 మెగాబైట్లు చిప్పు మీద ఇంకో అంతస్తు వేసి కట్టినవి. నీలం ఆయన దగ్గరుంది 36. గేముకి మాటిమాటికీ కావలసిన డేటా పోపులపెట్టెలా చేతికందేచోట ఉంటే, ప్రతిదానికీ ర్యామ్ దాకా పరుగెత్తే పని తప్పుతుంది. సరే, ఎర్ర ఆయనకు కిరీటం పెడదామనుకునేలోపు తమరు పక్క పేజీలో సినీబెంచ్ (త్రీడీ బొమ్మలు గీయించి చూసే పరీక్ష) గీతలతో ప్రత్యక్షమవుతారు. అక్కడ 24 కోర్లూ కట్టగట్టుకుని పనిచేసి నీలం గీతను రెట్టింపు దాటించేస్తాయి. త్రీడీ రెండరింగ్ చేసి పొట్టపోసుకునేవాళ్లకు అది నిజంగా పనికొచ్చే లెక్కే. మా మేనల్లుడు ఇంతవరకూ రెండర్ చేసింది వాళ్ల అక్క పెళ్లి వీడియో ఒక్కటే.

ఇక తమ అసలు విద్య గురించి. గేములో ఒక చిప్పు సెకనుకి 200 ఫ్రేములు (బొమ్మలు), ఇంకోటి 210 ఇచ్చాయనుకుందాం. తేడా 5 శాతం. తమరు అడుగు గీతను సున్నా దగ్గర కాకుండా 190 దగ్గర మొదలుపెడతారు. దాంతో ఒక గీత ఇంకోదానికి రెట్టింపు పొడుగు కనిపిస్తుంది. తమరు అబద్ధమాడారని అనలేం, పక్కనే అంకె వేశారు కదా! చీమ తలకాయంత అక్షరాల్లో. మా వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది. 200 వచ్చినా 210 వచ్చినా అది చూపించేది సెకనుకి 60 బొమ్మలే. ఈ ముక్క చెబితే నన్ను ఏ పార్టీలోనూ చేర్చుకోవడం లేదు.

పైగా ఈ పరీక్షలన్నీ మార్కెట్లోకెల్లా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, 1080పీలో, అంటే తక్కువ స్పష్టతలో చేస్తారు. అందులో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. గ్రాఫిక్స్ కార్డు అడ్డం రాకుండా ఉంటేనే ప్రాసెసర్ సత్తా బయటపడుతుంది. అదే గేమును అంతకన్నా ఎక్కువ స్పష్టత ఉన్న 4కేలో ఆడితే భారమంతా కార్డు మీద పడి, తమ రెండు గీతలూ అన్నదమ్ముల్లా సమానంగా నిలబడతాయి. అంత చల్లటి గ్రాఫును మాత్రం ఎవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయరు.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? 14900కే పూర్తి జోరులో తినడానికి ఇంటెల్ రాసిచ్చిన హద్దు 253 వాట్లు. కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దునూ ఖాతరు చేయలేదు. మే నెల హైదరాబాదులో, ఏసీ లేని గదిలో, ఆ వేడంతా ఆడేవాడి మోకాళ్లకు తగులుతుంది. 7800ఎక్స్3డీ గేముల్లో దీనికన్నా చాలా పొదుపు. కానీ వాట్ల గ్రాఫ్ ఎప్పుడూ చివరి పేజీలోనే.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది 2024. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పులు కొన్ని ఉన్నట్టుండి గేముల మధ్యలో కుప్పకూలడం మొదలుపెట్టాయి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్పే పాడవుతోందని తేలింది. ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాలు) మార్చింది, వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే చెడిన చిప్పు మాత్రం ఏ అప్‌డేట్‌తోనూ బాగుపడదు. ఎర్ర పార్టీవాళ్లు మరీ నవ్వక్కర్లేదు. 2023లో వాళ్ల 7800ఎక్స్3డీలూ కొన్ని బోర్డుల మీద కాలాయి, ఆ తర్వాతే వోల్టేజీకి 1.3 వోల్టుల దగ్గర పగ్గం వేశారు. విడుదల రోజున తమరు గీసిన గీతల్లో ఇదంతా ఎక్కడుంది స్వామీ?

కాబట్టి నా మనవి చిన్నదే. అడుగు గీత సున్నా దగ్గర మొదలుపెట్టండి. పక్కనే మదర్‌బోర్డు ధర, వాట్లు కూడా గీయండి. వీలైతే, ముప్పై ట్యాబులు తెరిచి, ఎక్సెల్‌లో జీఎస్టీ లెక్కలు వేస్తూ, మధ్యలో యూట్యూబ్ చూసే మనిషికి ఈ రెండు చిప్పుల మధ్య తేడా ఎంతో ఒక గ్రాఫ్ వేయండి. సిరా ఖర్చేమీ ఉండదు.

ఇట్లు,
విధేయుడు, ఇంటెల్ చిన్న చిప్పు ఐ3 మీద బతుకుతున్న ఒక మేనమామ

తా.క.: 2024 చివర్లో రెండు పార్టీలకూ వారసులొచ్చారు. ఏఎమ్‌డీ 9800ఎక్స్3డీ పాత ఏఎమ్5 సాకెట్ ఉన్న మదర్‌బోర్డులోనే కూర్చుంటుంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కేకు కొత్త బోర్డు కొనాలి, కొన్నాక చాలా గేముల్లో అది 14900కే కన్నా వెనకే. మా వాడికి ఈ కబురు ఇంకా చేరలేదు. దయచేసి పరీక్షలయ్యేదాకా తమరు వాడి ఫోన్లోకి రావద్దు.