వార్డులో బీపీ 190: గోలి ఇచ్చే ముందు చూడాల్సినవి

ఆసుపత్రిలో ఉన్న పేషెంటుకు ఉన్నట్టుండి బీపీ 190/100 వస్తే వెంటనే దింపాల్సిందేనా? చాలాసార్లు అక్కర్లేదు. హడావుడిగా దింపితేనే ముప్పు.

నిజమైన ఎమర్జెన్సీ వేరు. బీపీ 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చూపు మసకబారడం, ఫిట్స్ లాంటివి ఉంటే అవయవాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. దెబ్బతింటుంటే ఐసీయూలో పెట్టి నరానికి మందు ఎక్కించాల్సిందే. అప్పుడు కూడా సాధారణంగా మొదటి గంటలో పావు వంతుకు మించి తగ్గించరు. గర్భిణుల లెక్క వేరు: 160/110 వచ్చి, పావుగంట తర్వాతా అలాగే ఉంటే గంటలోపు మందు పడాలి.

ఇవేవీ లేనివాళ్ల సంగతే ఇక్కడ గొడవ. పరకాల వైపు నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల రైతు హెర్నియా ఆపరేషన్ చేయించుకుని హన్మకొండలో ఓ నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడనుకుందాం. రాత్రి సిస్టర్ చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూస్తే 190. కొడుక్కు టెన్షన్. "మా బాపుకు ఏమన్నయితదా మేడం? ఇంజెక్షన్ ఇయ్యరాదు" అంటాడు. డ్యూటీ డాక్టర్ ఫోన్లోనే గోలి చెబుతాడు. పొద్దున్నుంచీ ముసలాయన మూత్రం పోయలేదని, పొత్తికడుపు రాయిలా ఉందని ఎవరూ చూడలేదు. మూత్రం నిలిచినా, కుట్లు నొప్పెట్టినా, ఇంట్లో వేసుకునే బీపీ గోలి ఆసుపత్రిలో ఆగిపోయినా, సెలైన్ ఎక్కువ ఎక్కినా బీపీ పెరుగుతుంది. పట్టీ చిన్నదైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ముందు పట్టీ సరిగ్గా కట్టి, ఐదు నిమిషాలు మాట్లాడనీయకుండా కూర్చోబెట్టి మళ్లీ చూడాలి.

ఏళ్లుగా ఎక్కువ బీపీకి అలవాటుపడ్డ మెదడుకు, కిడ్నీలకు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే రక్తం చాలదు. బీపీని చప్పున దించే నిఫెడిపిన్ అనే మందును నాలుక కింద పెట్టడం ఒకప్పుడు మామూలే. దాంతో పక్షవాతాలు, గుండెపోట్లు వస్తున్నాయని 1990ల్లోనే వద్దన్నారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రుల్లో 22 వేలకు పైగా పేషెంట్ల రికార్డులు చూసి 2021లో ఒక అధ్యయనం వేశారు. బీపీకి మందు ఇచ్చినవాళ్లలోనే కిడ్నీ, గుండె కండరం దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. రికార్డుల లెక్క కాబట్టి తప్పంతా మందుదేనని తేల్చలేం. మేలు జరిగిన ఆనవాలు మాత్రం లేదు.

డాక్టర్ల మీదే నెపం వేయడం న్యాయం కాదు. ఏమీ ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉంటే "పట్టించుకోలే" అని అటెండెంట్లు కేకలేస్తారు. గోలి ఇస్తే ఏ పేచీ ఉండదు! అయినా "160 దాటితే ఇవ్వండి" అని కేస్ షీట్‌లో ముందే రాసిపెట్టే అలవాటు పోవాలనే నా పట్టు.

ఇంకో చిక్కు డిశ్చార్జి రోజున వస్తుంది. వార్డులో రెండు రోజులు పెరిగిన బీపీని చూసి కొత్త గోలి కలుపుతారు. నొప్పి తగ్గి ఇంటికెళ్లాక అదే గోలితో బీపీ మరీ పడిపోయి, పెద్దవాళ్లు రాత్రి బాత్రూముకు లేచి కళ్లు తిరిగి పడతారు. పాత గోలీలే కొనసాగించి, వారం పది రోజులకు ఊరి దగ్గరి పీహెచ్‌సీలో మళ్లీ చూపించుకుని, అప్పటికీ ఎక్కువే ఉంటే మందు మార్చడం నయం.