మా మామ ట్రిగ్గర్ పరీక్ష

మా మామకు ఏఆర్-15 అనే అమెరికా రైఫిల్ గురించి తెలిసినంత, అమెరికాలో దాన్ని కొని బీరువాలో పెట్టుకున్నోళ్ళకు కూడా తెలీదు, పందెం కాస్తా. ఆయనది ముద్దనూరు పక్కన పల్లె, చెనిక్కాయ సేద్యం. మోకాలి నొప్పితో మంచాన పడినప్పుడు ఎవరో ఫోన్లో తుపాకీ రివ్యూ ఒకటి పెట్టిచ్చి పోయినారంట, ఇంగ అంతే. అత్త సంగటి తెచ్చి పక్కన పెడితే ఈయప్ప "బ్యారెల్ స్టీలు 4150 అయితే ధర పెట్టొచ్చు, 4140 అయితే రొంత తగ్గించమని అడగాల" అంటాడు. "పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా, అది చెప్పు" అంటాది అత్త.

సినిమాలోళ్ళ పుణ్యాన కడప జిల్లా అంటే ప్రతి ఇంట్లో సుమో, సుమోలో నాలుగు తుపాకులు అనుకుంటారు జనం. మా ఊరి చుట్టుపక్కల నేను చూసిన తుపాకీ ఒక్కటే, బ్యాంకు ముందర స్టూలేసుకోని కూర్చునే గార్డు దగ్గరుండే డబుల్ బ్యారెల్. అది కూడా ఎండకు గోడకి ఆనించి పెట్టుంటాది.

మామ నన్ను కూర్చోబెట్టి క్లాసు చెప్తాడు. "ఏమబ్బీ, ఏఆర్ 500 డాలర్లకూ దొరుకుతాది, 2000 దాటినవీ ఉండాయి, ఎందుకో తెల్సునా? కోల్ట్ కంపెనీ పేటెంట్లు 1977లో అయిపోయినాయి, అప్పట్నుంచి ఎవురు పడితే వాళ్ళు చేస్తాండారు, బయటికి అన్నీ ఒగే మాదిరి కనపడతాయి. లోపల బోల్ట్‌ని మోసే క్యారియర్ మీద గ్యాస్ కీ అని చిన్న గొట్టం ముక్క ఉంటాది, దాని స్క్రూలు వదులైపోకుండా పక్కనున్న లోహాన్ని సుత్తితో కొట్టి బిగిచ్చింటారు. చీప్ రకంలో ఊరికే గోరుతో గీకినట్ల ఉంటాది. కొనేటోడు ముందు చూడాల్సింది అది, పైన రంగు కాదు." నిజం చెప్పాలంటే ఇదంతా కరెక్టే. ఈయప్ప తెలివి తక్కువోడు కాదు. కాకపోతే ఏ వీడియో చివరిదాకా చూడడు. పై భాగానికి కింది భాగానికి మధ్య ఆట ఉంటే తుపాకీ పనికిరాదని ఊరంతా చెప్పి పెట్టినాడు, ఆ కొంచెం ఆట వల్ల గురికి పెద్దగా నష్టమేమీ లేదని ఆ వీడియోలోనే ఆఖర్న చెప్తాడు, నేను చూసినా.

ఇట్ల ఆర్నెల్లు గడిచినాక చేన్లో కోతులు పడినాయి, సాకు దొరికింది. "కడపకు పోదాం పా, సెమీ ఆటోమేటిక్ ఒకటి చూసొద్దాం, నొక్కిన ప్రతిసారీ ఒక తూటా, మళ్ళా దానంతటదే లోడ్ అయ్యే రకం."

ఈ మాటకు మిలిటరీ తాత నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినపడింది. తాత రిటైరైన హవల్దారు, సర్వీసులో ఎక్కువ కాలం ఎస్సెల్లార్ అనే మిలిటరీ రైఫిల్ మోసినోడు. "ఒరేయ్, సెమీ ఆటో మామూలోళ్ళకు ప్రొహిబిటెడ్, ఢిల్లీలో హోం శాఖ ఒప్పుకోవాల. నీ కోతుల కోసం వాళ్ళు ఫైలు తెరుస్తారా? కలెక్టర్ లైసెన్సు ఇచ్చినా నీకొచ్చేది బోల్ట్ లాగి లాగి కాల్చే పాయింట్ 315 రైఫిలు, అది కూడా ఎలక్షన్ వస్తే స్టేషన్లో డిపాజిట్ చేయాల. మన జిల్లాలో ఎలక్షన్లు ఆగేదెప్పుడు? అది నీ ఇంట్లో కంటే స్టేషన్లోనే ఎక్కువుంటాది." మామ ముఖం చిన్నబోయింది. చూసి జాలేసి తాతే అన్న్యాడు, "ఎయిర్ గన్ కొనుక్కో. గొట్టం సైజు పాయింట్ 177, పవర్ 20 జౌల్స్ లోపల అయితే లైసెన్సు అక్కర్లే, ఐడీ కార్డు చూపిస్తే ఇస్తారు. కోతుల్ని కొట్టాకు, రేకు డబ్బాని కొట్టు, ఆ సౌండుకు పోతాయి."

కడపలో ముందు కారం దోసెలు తిన్న్యాం, అది చెప్పకపోతే పాపం. తర్వాత షాపు. కౌంటర్ మీద ఎయిర్ రైఫిల్ పెట్టినాడు ఓనరు, బ్యారెల్ కిందికి విరిచి స్ప్రింగు లోడ్ చేసే రకం, ఏడు వేల చిల్లర. మామ కళ్ళద్దాలు పెట్టుకోని పని మొదలుపెట్టినాడు. పట్టుకోని ఊపినాడు, చెవి దగ్గర పెట్టుకోని విన్న్యాడు. "బ్యారెల్ లోపల గాడి ట్విస్ట్ ఎంత? ఏడంగుళాలకు ఒక చుట్టా?" అని అడిగినాడు. ఓనరు నా పక్క చూసినాడు, నేను ఫ్యాను పక్క చూసినా. "100 గజాల్లో గుండ్లన్నీ అంగుళం లోపల పడే గ్రూపు వస్తాదా?" "అన్నా, ఇది పది మీటర్లకు చేసింది," అన్న్యాడాయన, ఓపిగ్గానే.

ఇంతలో ఆయనకి ఫోనొచ్చి పక్కకు పోయినాడు. మామ బ్యారెల్ విరిచి, మూసి, గుండు లేకుండానే గోడ పక్క పెట్టి ట్రిగ్గర్ నొక్కినాడు. ఫట్! "క్రీప్ ఉండాది రొంత, పేలేముందు ట్రిగ్గర్ జరుగుతాంది." మళ్ళా విరిచినాడు, ఫట్! "రెండో స్టేజీ బాగుంది." మళ్ళా ఫట్. ఏఆర్‌ని ఖాళీగా ఎన్నిసార్లు నొక్కినా ఏం కాదు, రివ్యూలో చూపిస్తారు, ట్రిగ్గర్ బరువు పట్టేది అట్లే. స్ప్రింగు ఎయిర్ గన్ కత వేరే. బ్యారెల్లో గుండు ఉంటే దాని వెనక గాలి ఆగి పిస్టన్‌కు దిండు మాదిరి అడ్డం పడతాది. గుండు లేకపోతే పిస్టన్ పోయి నేరుగా ముందు గోడకు గుద్దుకుంటాది, సీల్ నలిగిపోతాది, స్ప్రింగు కూడా పోవచ్చు. ఇది నాకెట్ల తెల్సంటే, ఓనరు ఫోను చేతిలోనే పట్టుకోని ఎగిరొచ్చి మొత్తం చెప్పినాడు, మామకు, నాకు, పక్క షాపోళ్ళకు కూడా.

కార్డు అట్ట ముందర పెట్టి కాల్చి చూస్తే గుండు అట్టకు తగిలి కింద పడింది. చిల్లు పడలే.

ఇంగ బేరం చూడాల మీరు. మామ తగ్గలే. "పవర్ లేదు, ట్రిగ్గర్ గరుగ్గా ఉంది, ఈ క్వాలిటీకి ఏడు వేలా? మూడున్నర చేస్తాది" అన్న్యాడు. ఓనరు చేతులెత్తి మొక్కినాడు. "అన్నా, నువ్వు చూడకముందు ఇది ఏడు వేలు చేసేదే. మూడున్నరకు దించింది నువ్వే." అరగంట లాగి చివరికి ఫుల్ రేటుకే తీసుకున్న్యాం, కొత్త సీలు, ఒక డబ్బా గుండ్లు ఊరికే ఇచ్చినాడు. మామ స్కోపు కూడా అడగబోయినాడు కానీ, స్ప్రింగు గన్ ముందుకూ వెనక్కూ రెండు పక్కలా తంతాది, మామూలు స్కోపు అద్దాలు కదిలిపోతాయి అని ఓనరే చెప్పి పంపించేసినాడు, ఇంగొక పరీక్ష చూసే ఓపిక లేక.

వచ్చేటప్పుడు దోవలో చెకింగు. పొడుగు అట్టపెట్టె చూసి దింపినారు. బిల్లు, ఐడీ అన్నీ ఉండాయి, భయం లేదు, కానీ మామ చూపు బిల్లు మీద లేదు. కానిస్టేబుల్ భుజానికి ఎస్సెల్లార్. నిజం సెమీ ఆటోమేటిక్, మూరెడు దూరంలో. "సార్, దీని ట్రిగ్గర్ పుల్ ఎంతుంటాది? గ్యాస్ రెగ్యులేటర్ ఏ నంబర్లో పెట్టినారు?" అన్న్యాడు. నాకు చెమట పట్టింది.

ఆ పిల్లోడు మాత్రం కోప్పడలే. "పెద్దాయనా, ఇది నాలుగు కేజీల పైనే. తెల్లారి అప్పజెప్పేటప్పుడు నంబరు కలవాల, తూటాల లెక్క కలవాల. దీంట్లో నేను చూసుకునే క్వాలిటీ అదొక్కటే" అని, "ఏదీ, మీది చూపించండి" అంటా అట్టపెట్టె తెరిచినాడు, ఎయిర్ గన్ తీసినాడు, బ్యారెల్ విరిచి మూసినాడు, మామ "సార్ సార్" అంటానే ఉండాడు, పొలం పక్క తిప్పి నొక్కినాడు. ఫట్!

"ట్రిగ్గర్ బాగుందే," అన్న్యాడు.