మా కాలనీలోనే ఎక్కువ పడింది

హైదరాబాద్‌లో వాన వెలిశాక ముందు తేలాల్సింది కరెంటు ఎప్పుడొస్తుందని కాదు, ఎవరి కాలనీలో ఎక్కువ పడిందని. మా దగ్గర దంచికొట్టిందని ఉప్పల్ అంటుంది, అదీ ఒక వానేనా అని మియాపూర్ మూతి విరుస్తుంది. కొలతల్లేని ఈ పంచాయితీ ఇంకెన్నాళ్లు? ప్రతి కాలనీకీ ఒక వాతావరణ ప్రియుల సంఘం ఉండి తీరాలి. దానికో అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ఒక రెయిన్ గేజ్ కావాలి. పదవులకు మనుషులు ఎలాగూ దొరుకుతారు. చిక్కంతా గేజ్ దగ్గరే.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పైన గరాటు, కింద డబ్బా, పక్కన కొలత గ్లాసు. గరాటు మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే, అంటే అడ్డంగా 16 సెంటీమీటర్లుంటే, డబ్బాలో చేరిన ప్రతి 20 మిల్లీలీటర్లూ ఒక మిల్లీమీటరు వాన. 100 చదరపు సెంటీమీటర్ల గేజ్ కూడా ఉంటుంది, దానికి 10 మిల్లీలీటర్లకే ఒక మిల్లీమీటరు. ఏ గేజ్‌కి ఆ గ్లాసే వాడాలన్నది చాదస్తుల మాట. సంఘం పేరు నిలబడాలంటే పెద్ద గేజ్ కొని, చిన్న గేజ్ గ్లాసుతో కొలవాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే గానీ భారీ వర్షం కాదు. 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. మన గ్లాసు చేతిలో ఉంటే లెక్క రెట్టింపై, 32.3 పడ్డా 64.6 అవుతుంది. బేగంపేటలో 2000 ఆగస్టు 24 నాటి 241.5 మిల్లీమీటర్లను దాటేయడానికి 121 పడితే సరి.

(నిజంగానే 64.5 పడిందనుకుందాం. 200 గజాల డాబా మీంచి దాదాపు 10,800 లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల నీళ్లు, పైపులోంచి రోడ్డు మీదికి పోతాయి. దీన్ని మినిట్స్‌లో రాసే ఆనవాయితీ లేదు. ట్యాంకర్ బిల్లు మాత్రం మార్చి సమావేశంలో చర్చకొస్తుంది.)

గేజ్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. మూతి నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున, మట్టంగా ఉండాలి. చుట్టూ ఖాళీ ఉండాలి, పక్కన గోడ గానీ చెట్టు గానీ ఉంటే దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరం జరగాలి. 15 మీటర్ల అపార్ట్‌మెంటు నుంచి 30 మీటర్లు జరిగితే మనం తేలేది పక్కవాళ్ల పార్కింగ్‌లో. అందుకని మన ఊళ్లో గేజ్ డాబా ఎక్కుతుంది. అక్కడ పిట్టగోడకు కొట్టుకున్న గాలి పైకి లేచి, చినుకుల్ని గరాటు మీదుగా ఎగరేసుకుపోతుంది. లెక్క తగ్గుతుంది. ఏ సంఘమూ భరించలేని అవమానం ఇది. కాబట్టి నీళ్ల ట్యాంకు అంచు కింద పెట్టించండి. మోటారు కట్టెయ్యడం మరిచిపోయిన ప్రతి ఉదయమూ మీ కాలనీలో వాన పడుతుంది, మే నెలలో కూడా. కిందే పెట్టక తప్పదంటే సిమెంటు గచ్చు చూసుకొని, మూతి వీలైనంత కిందికి ఉంచండి. పక్కన పడ్డ చినుకు కూడా ఎగిరి గరాటులోకే వస్తుంది, ఏదీ వృథా పోదు.

కుర్రాళ్లున్న సంఘాలు ఆటోమేటిక్ గేజ్ కొంటాయి. లోపల తక్కెడలా అటూ ఇటూ వాలే రెండు చిన్న దొప్పెలుంటాయి. ఒకటి నిండగానే వాలి నీళ్లు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికొస్తుంది. ఒక్కో వాలుకి 0.2 మిల్లీమీటర్లు. కుండపోతలో దొప్పె వాలుతుండగానే ఇంకా నీళ్లు పడుతుంటాయి, అవి లెక్కకు రావు. మన పావురాల సంగతి దాన్ని తయారుచేసినవాడికి తెలియదు. ఈకో వేపాకో గరాటుకి అడ్డం పడితే వాన దంచినంతసేపూ సున్నా చూపించి, మర్నాడు ఎండలో చుక్కచుక్కగా దిగుతూ రోజంతా తేలికపాటి జల్లులంటుంది. కడిగే ముందు వైరు తీసెయ్యాలి. తియ్యకుండా రెట్టలు కడుగుతూ దొప్పెను 13 సార్లు ఊపారంటే 2.6 మిల్లీమీటర్లు. 2.5 వస్తే శాఖ నిర్వచనం ప్రకారం అది వర్షపు రోజే.

రోజూ కొలత ఉదయం 8.30కి. అప్పటిదాకా 24 గంటల్లో పడ్డదంతా ఆ ఉదయం తేదీకే రాస్తారు. మంగళవారం సాయంత్రం మిమ్మల్ని ఇల్లు చేరనివ్వని వాన బుధవారం ఖాతాలోకి పోతుంది. 2020లో ఊరు మునిగిన అక్టోబరు 13 నాటి వాన కూడా 14 ఉదయం లెక్కకే వచ్చింది. బేగంపేటలో 191.8 మిల్లీమీటర్లు, ఘట్‌కేసర్‌లో దాదాపు 320 మిల్లీమీటర్లు. ఒకే రాత్రి ఇంత తేడా ఉంటే ఉప్పల్, మియాపూర్ ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఒప్పుకోవాల్సి వస్తుంది. అప్పుడిక సంఘం ఎందుకు?

జోస్యం విభాగం ఉపాధ్యక్షుల చేతిలో ఉంటుంది. "ఒకటి రెండు చోట్ల" అని శాఖ అంటే గోడ మీద పిల్లి వాటం అనుకుంటారు గానీ, ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతు లోపు అని దానికి కచ్చితమైన లెక్క ఉంది. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా, "చాలా చోట్ల" అంటే ముప్పాతిక దాకా. శాఖ హెచ్చరికల్లో ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడమని. సంఘం వాడుకలో ఎల్లో అంటే మిరపకాయ బజ్జీ, ఆరెంజ్ అంటే వర్క్ ఫ్రమ్ హోమ్, రెడ్ అంటే స్కూలు సెలవు. రాడార్ బొమ్మ పంపేటప్పుడు దాని మీద టైము చూడకండి. కొన్నింటి మీద యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, ఉంటుంది, దానికి అయిదున్నర గంటలు కలపాలి. 9.30 అని ఉంటే మధ్యాహ్నం మూడు. కలపకుండా రాత్రి పంపితేనే జనం కంగారుపడి బట్టలు తీసుకుంటారు.

వేసవిలో చెప్పేదేముంది, థర్మామీటరే. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె, గాలి ఆడేలా రెక్కల గోడలు, తెరిచినా ఎండ పడకుండా ఉత్తరం వైపు తలుపు, ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం. మనకు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న మేకు చాలు. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో 39 అని రాస్తే సభ్యులు చందా కట్టరు.

అసలు పని అక్టోబరు దాటాక మొదలవుతుంది. రోజూ 8.30కి డాబా ఎక్కి, డబ్బా ఎత్తి, ఎండిపోయి ఉంటే 0.0 అని రాయాలి. చూడని రోజు గీత పెట్టి వదిలెయ్యాలి గానీ సున్నా రాయకూడదు. తడి కనిపించి 0.1 కూడా రాకపోతే "ట్రేస్" అని రాయాలి. సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన ఉపాధ్యక్షులు డాబా దారి మరిచిపోతారు. శివరాత్రి నాటికి అధ్యక్షుడికి మోకాళ్ల నొప్పులు. రిజిస్టరు వాచ్‌మన్ చేతికొస్తుంది. బాధ్యత తెలిసిన మనిషి, ఏప్రిల్‌లో పెళ్లికి వారం రోజులు ఊరెళ్తూ ఏడు వరసల్లోనూ 0.0 రాసి మరీ వెళ్తాడు. నాలుగో రోజు సాయంత్రం వడగళ్ల వాన పడుతుంది. నిబంధన ప్రకారం దాన్ని అయిదో వరసలో రాయాలి. అక్కడ 0.0 ఉంటుంది, ముత్యాల్లాంటి దస్తూరీతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా.