బార్ గ్రాఫ్ గారూ, మీ సున్నా ఎక్కడ?

మహారాజశ్రీ బార్ గ్రాఫ్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా ప్రాసెసర్ మాత్రం ఆదివారం మధ్యాహ్నం నుంచి, తమ దయవల్ల, తలెత్తుకోలేకపోతోంది.

మా బావమరిది ఫోన్ తెచ్చి, ప్రాసెసర్ల వేగాన్ని పోలుస్తున్న తమరిని చూపించాడు. "బావా, నీ ప్రాసెసర్ నా దాంట్లో సగమేనటగా" అన్నాడు. చూస్తే అలాగే ఉంది. వాడి ప్రాసెసర్ పక్కన ఎర్రటి బార్, ఆ చివరిదాకా దర్జాగా సాగింది. నాది బూడిద రంగులో సగం దారిలోనే ఆగిపోయింది. (గెలవాల్సినదానికి రంగు, ఓడాల్సినదానికి బూడిద. ఈ ఏర్పాటు ఎవరిదో గానీ బాగుంది.) ఒకే గేమ్, ఒకే గ్రాఫిక్స్ కార్డ్. బార్ల చివర అంకెలు చదివాను. వాడిది సెకనుకు 193 ఫ్రేములు (కంప్యూటర్ ఒకదాని వెంట ఒకటి గీసే బొమ్మలు), నాది 187. తేడా ఆరు. నూటికి మూడు చిల్లర. మరి బొమ్మలో రెండింతలు ఎలా అయిందా అని వెతికితే, కింద ఎడమ మూలన, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో 180 అని ఉంది.

అంటే తమరు సున్నా దగ్గర మొదలవలేదు. 180 దగ్గర మొదలయ్యారు. అక్కణ్ణుంచి నాది ఏడు, వాడిది పదమూడు. ఇద్దరు ఆరడుగుల మనుషుల్ని గోడ వెనక నిలబెట్టి, గోడమీదుగా కనబడే తలల్ని మాత్రం కొలిచి, ఒకడు రెండోవాడికి రెట్టింపు పొడుగని తేల్చినట్టుంది తమ లెక్క.

సున్నాకి చోటు చాల్లేదంటారా? పక్కనే ప్రకటనకి జానెడు చోటు దొరికింది కదండీ. సున్నా నుంచి గీస్తే రెండు బార్లూ సమానంగా కనబడి చూసేవాడికి విసుగంటారా? సమానంగా ఉన్నవి సమానంగానే కనబడాలి. ఆ విసుగే అసలు ఫలితం. పైగా ఈ ఆరు ఫ్రేముల తేడా ఎంతో చెప్పమంటారా? ఒక్కో ఫ్రేము తయారవడంలో మిల్లీసెకనులో ఆరోవంతు. నా మానిటర్ 144 హెర్ట్జ్‌ది. ప్రాసెసర్ 187 ఇచ్చినా 193 ఇచ్చినా అది తెర మార్చేది సెకనుకు 144 సార్లే. మా బావమరిది మానిటరూ అదే. వాడి గెలుపు వాడికే కనబడదు.

అంతటితో వదిలేద్దామంటే మనసొప్పలేదు. గ్రాఫిక్స్ కార్డ్ అడ్డు రాకుండా సెట్టింగులన్నీ కిందికి దించి, అదే గేమ్‌లో అదే పరీక్ష నా కంప్యూటర్‌లో పెట్టాను. ఒకసారి 184 వచ్చింది. బ్రౌజర్ మూసేసి మళ్లీ పెడితే 190. తమరి పద్ధతిలో 180 నుంచి గీస్తే నాలుగు, పది. అంటే నా ప్రాసెసర్ నా ప్రాసెసర్‌నే రెండున్నర రెట్లతో చిత్తుగా ఓడించింది! మధ్యాహ్నం నిద్ర పోయింది, నాకు దక్కింది ఈ విజయం.

ఇక మర్యాదలు చాలు. సున్నా తీసేసే హక్కు నీకెవరిచ్చారు? ఉష్ణోగ్రతల గ్రాఫంటే సరే, గీతల గ్రాఫంటే సరే, అక్కడ చూసేది ఎత్తుపల్లాలు. బార్ సంగతి వేరు. దాని పొడుగే దాని మాట. పొడుగుని మధ్యలో కోసేశాక అది అంకె చెప్పినట్టా, అబద్ధం చెప్పినట్టా? గోరంతని కొండంత చేయడమే నీ ఉద్యోగమైతే ఆ మాట పైన పెద్దక్షరాల్లో రాసుకో.

నీ మిగతా వేషాలూ తెలుసు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ తయారయ్యే సమయం చూపేటప్పుడు బార్ పొట్టిగా ఉన్నదే గెలిచినట్టు. ఆ సంగతి మూలన ఎక్కడో రాస్తావు. అక్కడ తన బార్ పొడుగ్గా ఉందని మా వాడు దానికీ సంబరపడ్డాడు. వేగాల పక్కన కరెంటు లెక్క వేయవు. ఇంటెల్ వారి కోర్ ఐ9-13900కె ప్రాసెసర్ బేస్ పవర్ 125 వాట్లు, టర్బోలో, అంటే పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు, అది 253 దాకా పోతుంది. ఏఎమ్‌డీ వారి రైజెన్ 9 7950ఎక్స్ అయినా పేరుకి 170, తాగేది 230 దాకా. గేమ్‌ని 4కెలో, అంటే తెరమీద చుక్కలు బాగా ఎక్కువుండేలా, పెడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డ్ మీద పడి రెండు ప్రాసెసర్లూ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఆ గ్రాఫ్‌ని మాత్రం చివరి పేజీలో దాస్తావు.

ఒక్క బొమ్మతో తీర్పు చెప్పే అలవాటు ఇంకోటి. రైజెన్ 7 5800ఎక్స్, 5800ఎక్స్3డీ, రెండింటికీ 8 కోర్లే (లెక్కలు చేసే విభాగాలు). మొదటిది 4.7 గిగాహెర్ట్జ్ దాకా పరిగెడుతుంది, రెండోది 4.5 దగ్గర ఆగుతుంది. కానీ మొదటిదానికి 32 ఎంబీ ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటే రెండోదానికి 96. సినీబెంచ్ అనే పరీక్షకి అంత కాష్‌తో పనిలేదు కాబట్టి అక్కడ మొదటిది ముందుంటుంది. గేమ్‌ల్లో ఆ పెద్ద కాష్ వల్ల ప్రాసెసర్‌కి మాటిమాటికీ ర్యామ్ దాకా పోయే పని తగ్గుతుంది కాబట్టి చాలావాటిలో రెండోది కొడుతుంది. ఇందులో ఏది గొప్పదో చెప్పమంటే "నీ పనేంటి?" అని ఎదురు ప్రశ్న వేయాలి. నువ్వు ఎప్పుడైనా వేశావా?

ఒక్కోసారి తప్పు నీది కాదులే. 2018లో ఇంటెల్ చేయించిన పోలికలో రైజెన్ 7 2700ఎక్స్‌ని గేమ్ మోడ్‌లో పెట్టి, 8 కోర్లలో సగాన్ని నిద్రపుచ్చి కొలిచారు. గొడవయ్యాక మళ్లీ కొలిచారు. ఆ మొదటి కొలతతో నువ్వు సున్నా నుంచి నిలబడినా లాభం లేకపోయేది.

నిన్ను పూర్తిగా తిట్టబుద్ధి కూడా కావడంలేదు, అదే నా బాధ. 2011లో ఏఎమ్‌డీ వారి ఎఫ్ఎక్స్-8150 ప్రాసెసర్ పెట్టె మీద 8 కోర్లని రాసుకుని వచ్చినప్పుడు, ఒక్క కోర్ మీద నడిచే పరీక్షల్లో అది సొంత ఇంటి పాత ఫెనమ్ ప్రాసెసర్ కంటే కూడా వెనకబడిందని చూపించింది నువ్వే. ఆ కోర్ల లెక్క తప్పంటూ కోర్టుకెక్కిన కొనుగోలుదారులతో ఏఎమ్‌డీ 2019లో 1.21 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఆ రాజీ కంటే ఎనిమిదేళ్ల ముందే నిజం చెప్పినదానివి. చెప్పడం చేతకాక కాదు నీకు.

కాబట్టి సున్నా పెట్టు. పెట్టలేనంటావా, బార్లు మానేసి 187, 193 అని పక్కపక్కన రాసిపెట్టి పో. ఆ తీసివేత మేమే చేసుకుంటాం.

ఇట్లు,
బూడిదరంగు బార్ యజమాని