తీర్మానాల పుస్తకం వారి సముఖమునకు

మహారాజశ్రీ గ్రామసభ తీర్మానాల పుస్తకం గారికి, కోనసీమలోని ఒక ఏటిగట్టు ఊరి నుండి పడమటి పేట నివాసులు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. పంచాయతీ కార్యాలయపు ఇనుప బీరువాలో, పై అరలో, చెమ్మ తగలకుండా తమరు సుఖంగా ఉన్నారని విని సంతోషించాము. మా కుశలం మాత్రం వానను బట్టి ఉంటుంది.

తమరి హోదా సామాన్యమైనది కాదు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది మొదలు ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. పంచాయతీలకు అప్పగించదగినవిగా పదకొండవ షెడ్యూలులో చేర్చిన 29 అంశాలలో రోడ్లు, కల్వర్టులతో పాటు రేవు పడవలూ జలమార్గాలూ ఉన్నాయని తెలిసినప్పుడు, అది వ్రాసినవారు ఎప్పుడో ఒకసారి పంటు పడవ ఎక్కి ఏటి నడుమ లంకలోకి వచ్చి ఉంటారని మా పెద్దలు మురిసిపోయారు. ఏటా పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఊరివాళ్ళే కూర్చుని తయారు చేసుకోవాలని కూడా నిబంధన ఉన్నది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు పెట్టినప్పుడు తమరికి కొత్త అట్ట కూడా వేశారు.

ఇక తమరి దినచర్య సంగతి. సభ ఎప్పుడూ ఊడ్పుల రోజుల్లో, పొద్దున పదకొండు గంటలకు, అంటే కూలి జనమంతా మోకాలి లోతు బురదలో ఉన్న వేళకు పడుతుంది. టముకు వేసే మనిషి గొంతు రామాలయం వీధిలో ఖంగుమని మోగి, పేట మలుపు దగ్గరకు వచ్చేసరికి ఎందుకో బొంగురుపోతుంది. లంకలో వాళ్ళకైతే సభ జరిగిన సంగతి మరుసటి సంతనాడు తెలుస్తుంది. జనం రాలేదని తమరు ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. సాయంత్రం మోటారు సైకిలు ఎక్కి గడప గడపకూ తమరే బయలుదేరతారు. జనం సభకు రాకపోతే సభే జనం దగ్గరకు రావడం ఎంతో గొప్ప విషయమే, కాకపోతే చర్చను వెంట తేవడం మరచిపోతారు. పేజీ పై సగాన్ని అరచేత్తో కప్పి, కింది సగంలో వేలిముద్ర వేయించుకుంటారు. మా ఆడవాళ్ళు వేలికంటిన ఊదా సిరాను గుమ్మం చెక్కకు తుడిచిన మరకలు ఇంకా ఉన్నాయి. మా పేటకు గ్రామసభ వచ్చిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

పేజీ పై సగంలో ప్రతిసారీ ఒకటే వాక్యం: "సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." వినాయక చవితి పందిరి ఎక్కడ వేయాలో తేలడానికి మూడు రాత్రులు పట్టే ఊరిలో, ఇంతటి ఐకమత్యం తమరి పుటలలో తప్ప ఇంకెక్కడా కానరాదు. ఆ ఐకమత్యం పుణ్యమా అని రామాలయం వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పడింది. రోడ్డు ఎత్తు పెరిగిన కొద్దీ మా గుమ్మాలు పల్లమయ్యాయి, వీధిలో పడిన వాన మా పొయ్యిలోకి వస్తున్నది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకు నీరు తెచ్చింది. వచ్చిన నీరు పోయే దారి మాత్రం నేటికీ మా ప్రాణసంకటమే. గిట్టుబాటు లేక, మురుగు కాలువలు పూడిపోయి, 2011లో కోనసీమ రైతులు నాట్లు వేయబోమని పంట విరామం ప్రకటించిన సంగతి లోకమంతా విన్నది. మా ఊరి తీర్మానాలలో మాత్రం ఆ కాలువలను మూసేసే గుర్రపుడెక్క అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

అందుచేత మొన్న మా పేట వాళ్ళు, లంక వాళ్ళు, కౌలు రైతులు దీపాలు పెట్టే వేళకు చావడిలో చేరి, ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీశారు. 1986 వరద ఏ గోడ వరకు వచ్చిందో, 1996 నవంబరు తుపాను రాత్రి ఏ డాబా మీద జనం తలదాచుకున్నారో, ఏ చేపల చెరువు గట్టు కింద పాత బోదె పూడుకుపోయిందో, వానాకాలంలో శవాన్ని ఏ దారిన మోసుకుపోవాలో ముసలమ్మలు చెబుతుంటే పిల్లలు గీతలు గీశారు. కర్ర ఊతంతో నడిచే కుర్రవాడు రేవు మెట్ల దగ్గర వేలు పెట్టి, ఇక్కడ వాలు కట్టకపోతే తనకు అవతలి ఒడ్డు లేనట్టే అన్నాడు. తగువు కూడా బాగానే జరిగింది. కల్వర్టు వెడల్పు చేస్తే మా నీళ్ళన్నీ దిగువ వీధి మీద పడతాయని అక్కడివాళ్ళు కయ్యానికి దిగారు, అది న్యాయమే గనుక ముందు దిగువ డ్రెయిను తవ్వాలని, ఆ తరువాతే కల్వర్టు అని రాత్రి పొద్దుపోయాక ఒప్పందానికి వచ్చారు.

ఆ పటం చూసిన ఉద్యోగి ఒకరు ఎంతో మెచ్చుకుని, ముగ్గు ఆన్‌లైన్‌లో ఎక్కదనీ, పైగా పెద్ద డ్రెయిను జలవనరుల శాఖదనీ సెలవిచ్చారు. మమ్మల్ని తుపాను ముంచిన ఆ 1996లోనే కేరళలో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళికా నిధులలో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికి ఇచ్చారు. మాకు నిధుల మాట తరువాత, ముందు కలం ఇప్పిస్తే చాలు.

కాబట్టి వచ్చే సభ పొద్దుగూకాక, మా చావడిలోనే పెట్టించవలసినదిగానూ, కాదన్నవారి పేర్లకు కూడా ఒక గడి గీయించవలసినదిగానూ ప్రార్థన. దూరాభారమై తమరు రాలేకపోయినా చింతించవద్దు. మేము చర్చించి, తీర్మానం వ్రాసుకుని, పై సగం అరచేత్తో కప్పి, సంతకం కోసం తమరి బీరువా దగ్గరకే తెస్తాము.

ఇట్లు,
తమరి పుటలలో ఎన్నోసార్లు ఏకగ్రీవమైన
పడమటి పేట నివాసులు